పంపింది పాట, చేరింది గోల

"రేయ్, ఇది విను, అదిరిపోద్ది" అంటూ నెల్లూరు నుంచి ఒక రాక్ పాట లింకు బయల్దేరుతుంది. ఒంగోలులో అందుకున్నవాడు టీకొట్టు ముందు నిలబడి, ఫోన్ స్పీకర్లోనే అర నిమిషం విని, "ఏందిరా ఈ గోల" అని తిరుగు మెసేజి కొడతాడు. ఇక్కణ్ణించి తగువు మామూలే. రాక్ వినాలంటే చెవి ఉండాల అని ఒకడు, అరుపులకు కూడా చెవి కావాలా అని ఇంకొకడు. ఇద్దరూ విన్నది ఒకే పాట కాదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

పాట పేరు ఒకటే. కానీ ఏ రికార్డింగు పంపారు, అది ఏ దారిన పోయింది, చివరికి ఏ పరికరంలోంచి ఎక్కడ మోగింది అన్న మూడింటిని బట్టి చేరే సరుకు మారిపోతుంది. సినిమా పాటకు ఈ మూడింట్లో రెండు దెబ్బతిన్నా పెద్ద నష్టం ఉండదు. రాక్‌కు ఒక్కటి చెడినా చాలు. ముందుగా ఫోన్ స్పీకర్ సంగతి చూడాలి. ఎక్కువ పాటలు చచ్చేది అక్కడే.

ఫోన్ స్పీకర్లో ఏం మిగుల్తుంది

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని మావాడని చెప్పుకునే ఊళ్లో పాటంటే ముందు గొంతు. సినిమా పాటను కలిపేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే గొంతును అన్నిటికన్నా ముందు నిలబెట్టి, వాయిద్యాలను వెనక సర్దుతారు. మనిషి మాట అర్థం కావడానికి దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనలు) దాకా వినబడితే సరిపోతుంది. పాత ల్యాండ్‌లైన్ టెలిఫోన్లు నడిచింది ఆ మేరలోనే. ఇప్పటి ఫోన్ స్పీకర్ కూడా ఆ మేరలో చాలావరకు బాగానే పలుకుతుంది. కాబట్టి ఎంత చిన్న స్పీకర్లో పెట్టినా సినిమా పాటలో పల్లవి చెక్కుచెదరదు.

రాక్ కట్టడం వేరు. అందులో గొంతు నలుగురిలో ఒకటి. బరువంతా బేస్ గిటార్ మీదా, కాలితో కొట్టే కిక్ డ్రమ్ మీదా ఉంటుంది. మామూలు శ్రుతిలో ఉన్న బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, గిటార్ లావు తీగ 82 దగ్గర. కిక్ డ్రమ్ దెబ్బ గుండెకు తగిలేది 50 నుంచి 100 మధ్యలో. గోరంత స్పీకర్ అంత లోతు గాలిని కదపలేదు. కింది అంతస్తు మొత్తం ఎగిరిపోయి పైన రెండే మిగుల్తాయి: సింబల్స్ (డ్రమ్స్ పక్కన నిలబెట్టే ఇత్తడి పళ్లేలు) చప్పుడు, గిటార్ జుయ్యిమనడం. అలా విన్నవాడు గోల అన్నాడంటే తనకు వినబడింది ఉన్నదున్నట్టు చెప్పాడన్నమాట.

ఆ జుయ్యిమనే శబ్దం లోపం కాదు, కావాలని పుట్టించింది. ఆంప్లిఫయర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ సిగ్నల్ ఇస్తే తరంగాల తలలు తెగి చదునవుతాయి. తెగిన చోట అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇంకా పైన కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. దీన్నే డిస్టార్షన్ అంటారు. ఒక్క స్వరానికి చేస్తే నిండుగా ఉంటుంది. రెండు మూడు స్వరాలు కలిపి మీటితే వాటి తేడాలూ మొత్తాలూ కూడా శబ్దాలై కూర్చుని బురదవుతుంది. అందుకని గట్టి రాక్‌లో గిటారిస్టులు గాంధారం తీసేసి షడ్జమం, పంచమం మాత్రమే పట్టుకుంటారు. వాటి నిష్పత్తి 2:3 కావడంతో ఎంత డిస్టార్షన్ పోసినా చెదరవు. పవర్ కార్డ్ అని పిలిచేది దీన్నే. తంబురా మీద స-ప శ్రుతి విన్న చెవికి ఇది పరాయిదేమీ కాదు, కాకపోతే తంబురా నెమ్మదిగా ఉంటుంది, ఇది మీద పడుతుంది.

కింది స్వరం లేకపోయినా దాని పై అంశాలు వినబడితే మన మెదడు కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. మోటర్‌హెడ్ అనే బృందంలో లెమ్మీ తన బేస్‌నే డిస్టార్షన్‌తో వాయించాడు కాబట్టి ఆ బేస్ ఫోన్లో కూడా ఆనవాలు దొరుకుతుంది. వేళ్లతో మెత్తగా వాయించిన బేస్ అదే ఫోన్లో పూర్తిగా మాయం. పాట పంపేటప్పుడు అవతలివాడు ఫోన్ స్పీకర్లో తప్ప వినడని తెలిస్తే ఈ తేడా గుర్తుపెట్టుకుని పాటను ఎంచుకోవచ్చు. అంతకన్నా మేలు, మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమని ముందే చెప్పడం.

ఒకే పేరు, నాలుగు రికార్డింగులు

ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా' గురించి ఇద్దరు గంటసేపు వాదించుకోవచ్చు. ఒకడు విన్నది 1976 ఆల్బమ్‌లోది, ఆరున్నర నిమిషాల పాట, చివర్లో రెండు ఎలక్ట్రిక్ గిటార్లు ఒకదాన్నొకటి తరుముకునేది. ఇంకొకడు విన్నది 1994 నాటి 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' కచేరీలోది, అకూస్టిక్ గిటార్లతో, జనం చప్పట్లతో మొదలయ్యేది. స్పీకర్లు అమ్మే దుకాణాల్లో ఎక్కువగా వినిపించేది ఈ రెండోదే. రెండూ మంచివే గానీ ఒకదాని గురించి చెప్పింది రెండోదానికి అతకదు. కాబట్టి పేరుతో పాటు ఆల్బమ్, ఏడాది, స్టూడియోదా లైవా అన్నది రాయకపోతే పాటను సగమే పంపినట్టు.

రీమాస్టర్ (పాత రికార్డింగుకు కొత్తగా తుది మెరుగు దిద్దిన ప్రతి) అన్న మాట చూసి అదే మేలైనదని తీసుకోవడం మరో అలవాటు. 1990ల నుంచి రికార్డు కంపెనీలు పాటను వీలైనంత గట్టిగా వినిపించే పోటీలో పడ్డాయి. డిజిటల్‌లో ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటలేరు. మరి గట్టిదనం ఎలా పెంచుతారు? పెద్ద దెబ్బలను నొక్కేసి, మొత్తాన్ని పైకి లేపుతారు. స్నేర్ డ్రమ్ మీద పుల్ల పడినప్పుడు వచ్చే ఠక్కు చుట్టూ ఉన్న గిటార్ ఎత్తుకు దిగిపోతుంది. మొదటి పది సెకన్లు ఉత్సాహంగా ఉంటుంది, మూడో పాటకు తలనొప్పి మొదలవుతుంది. మెటాలికా 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' దీనికి పేరుమోసిన ఉదాహరణ. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేములో అంత నొక్కుడు లేకుండా రావడంతో, సీడీ కన్నా గేములోనే బాగున్నాయని అభిమానులు గొడవపెట్టారు. రష్ బృందం 2002లో తెచ్చిన 'వేపర్ ట్రెయిల్స్' ఆల్బమ్‌ను ఇదే బాధతో 2013లో మళ్లీ మొదటినుంచి మిక్స్ చేయించి విడుదల చేసింది.

ఇప్పుడు స్ట్రీమింగ్‌లో ఆ పోటీకి అర్థం లేదు. స్పాటిఫై మామూలుగా ప్రతి పాటనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే సగటు గట్టిదనానికి తెస్తుంది. యూట్యూబ్ ఆ కొలతకన్నా గట్టిగా ఉన్నవాటిని దించుతుంది, తక్కువ ఉన్నవాటిని లేపదు. అంటే నొక్కేసిన పాట గట్టిదనం పోగొట్టుకుని, నొక్కుడు మాత్రం మిగుల్చుకుంటుంది. పాత మాస్టరింగ్ దాని పక్కన ఊపిరి పీల్చుకుంటున్నట్టు వినిపిస్తుంది. రెండు ప్రతుల్లో ఏది బాగుందో తేల్చాలంటే రెంటినీ ఒకే గట్టిదనంలో పెట్టి వినాలి. రవ్వంత గట్టిగా ఉన్నా చెవి దాన్నే మంచిదనుకుంటుంది. కంప్యూటర్లో శబ్దాన్ని బొమ్మగా చూపే ఆడాసిటీ ప్రోగ్రాము ఉంటే ఫైలు తెరిచి చూడండి. కొండలు లోయలుగా కనిపిస్తే సరే, ఇటుక గోడలా కనిపిస్తే ఆ ప్రతిని వదిలేసి పాతది వెతకండి. రీమాస్టర్లన్నీ చెడ్డవని కాదు, ఆ మాట ఒక్కటే చూసి కొనకూడదంతే.

యూట్యూబ్‌లో ఇంకో మోసం ఉంది. హక్కుదారుల యంత్రం పట్టుకోకుండా కొందరు పాట వేగాన్ని కాస్త పెంచి ఎక్కిస్తారు. వేగంతో పాటు శ్రుతీ పెరుగుతుంది. అర స్వరం పెరగాలంటే వేగం దాదాపు 6 శాతం పెరగాలి. క్వీన్ 'బొహీమియన్ రాప్సొడీ' 1975లో వచ్చినప్పుడు 5 నిమిషాల 55 సెకన్లు. మీ చేతికొచ్చిన వీడియోలో పాట 5 నిమిషాల 35 సెకన్లకే అయిపోతే అది అర స్వరం పైకెక్కిన ప్రతి. పాట నిడివిని అసలు ఆల్బమ్ నిడివితో పోల్చి చూడటం అర నిమిషం పని. నిదానం చేసి ప్రతిధ్వని కలిపినవి, చెవుల చుట్టూ తిరిగే 8డీ ముక్కలు కూడా ఇదే కోవ. సరదాకు వినండి, మొదటిసారి వినేవాడికి మాత్రం పంపకండి.

ఏ దారిన పంపాలి

అన్నిటికన్నా చెడ్డ దారి, స్పీకర్లో పాట పెట్టి వాట్సాప్ వాయిస్ మెసేజిగా రికార్డు చేసి పంపడం. వాయిస్ మెసేజి మాట కోసం చేసింది. స్టీరియో (రెండు చెవులకూ వేరువేరు శబ్దం) పోతుంది, పైనున్న సన్నని శబ్దం పోతుంది, గదిలో ఫ్యాను చప్పుడు అదనంగా చేరుతుంది. దానికి కొంచెం పైమెట్టు స్టేటస్‌లో పెట్టిన వీడియో ముక్క. వాట్సాప్ వీడియోను మళ్లీ కుదిస్తుంది. అప్పటికే ఒకసారి కుదించిన శబ్దాన్ని ఇంకోసారి కుదిస్తే మొదట చెడేది సింబల్స్. నీళ్లలో మునిగి మోగుతున్నట్టు, చివర్లు జలజలమని కారిపోతున్నట్టు ఉంటాయి. రాక్‌లో సింబల్స్ లేని క్షణం ఉండదు కాబట్టి పాట మొత్తానికీ ఆ తడి అంటుకుంటుంది.

మీ సొంత బృందం రికార్డింగు, లేదా బ్యాండ్ పంచుకోమని ఇచ్చిన ఫైలు అయితే డాక్యుమెంట్‌గా పంపాలి. అప్పుడు ఒక్క బిట్ కూడా మారకుండా చేరుతుంది. మిగతా వాటికి లింకే సరైనది. బ్యాండ్‌కు నాలుగు పైసలు చేరేదీ, హక్కుల పేచీ లేనిదీ అదే. లింకు పంపేముందు అవతలివాడి దగ్గర ఏ యాప్ ఉందో చూడాలి. స్పాటిఫై లింకు ఆ యాప్ లేనివాడికి తలనొప్పి, యూట్యూబ్ అయితే ఎవరికైనా తెరుచుకుంటుంది. యూట్యూబ్ లింకు చివర &t=255 అని (లింకులో ? గుర్తు లేకపోతే ?t=255 అని) చేరిస్తే నేరుగా 255వ సెకను దగ్గర మొదలవుతుంది. లింకులో ఎస్‌ఐ అని మొదలయ్యే పొడుగాటి తోక పంపినవాడి జాడ కోసం పెట్టింది, దాన్ని తీసేసినా పాట మోగుతుంది.

అంకెల్లో చెప్పాలంటే, నాలుగు నిమిషాల పాట 128 కేబీపీఎస్ (సెకనుకు ఇన్ని వేల బిట్లు) ఎంపీ3లో సుమారు 3.8 ఎంబీ, 320లో 9.6 ఎంబీ, సీడీ నాణ్యతలో 42 ఎంబీ. ఫ్లాక్ అనే పద్ధతి ఏమీ పారేయకుండా సీడీ సైజును తగ్గిస్తుంది గానీ, ఎడతెగకుండా గట్టిగా మోగే రాక్‌లో అంతగా తగ్గించలేదు. నిజం చెప్పాలంటే 320 ఎంపీ3కీ సీడీకీ తేడా చాలామంది చెవులకు దొరకదు. 128కీ 320కీ తేడా మాత్రం సింబల్స్ దగ్గర దొరికిపోతుంది. ఫైలు పేరు చివర 320 అని ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. 128లో ఉన్నదాన్నే తెచ్చి 320గా మళ్లీ మార్చినవి కొల్లలు. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాములో తెరిస్తే 16 వేల హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనిపిస్తుంది. పోయిన శబ్దం సైజు పెంచితే తిరిగి రాదు.

బ్లూటూత్, రెండు చెవులు

బ్లూటూత్ వల్లే పాట చెడుతుందని నింద వేస్తారు. ఎస్‌బీసీ అనే మామూలు కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) కూడా సుమారు 328 కేబీపీఎస్ దాకా ఇస్తుంది, రాక్‌కు అది చాలు. అసలు గండం మైకు. హెడ్‌సెట్ మైకును ఏ యాప్ వాడుకుంటున్నా, అంటే కాల్, గేము, మీటింగ్ ఏదైనా, చాలా హెడ్‌సెట్లు పాట దారిని వదిలేసి ఫోన్ కాల్ దారిలోకి మారిపోతాయి. అది మోనో, అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం, అదీ సెకనుకు 8 వేల లేక 16 వేల శాంపిళ్లు (శబ్దం కొలతలు) మాత్రమే. పాట ఒక్కసారిగా డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. వెనకాల మైకు పట్టుకున్న యాప్‌ను మూసేస్తే వెంటనే బాగుపడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకే హెడ్‌సెట్ రెండు పేర్లతో కనిపిస్తుంది. హ్యాండ్స్‌ఫ్రీ అని ఉన్నది వదిలేసి స్టీరియో అని ఉన్నది ఎంచుకోవాలి.

ఒకే ఇయర్‌ఫోన్స్‌ను చెరో చెవిలో పెట్టుకుని వినే జంటలకు సినిమా పాటతో ఇబ్బంది లేదు, గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి. రాక్‌లో ఆ లెక్క కుదరదు. ఏసీ/డీసీ రికార్డుల్లో సాధారణంగా ఎడమ చెవిలో మాల్కమ్ యంగ్ తాళం గిటార్, కుడి చెవిలో ఆంగస్ యంగ్ సోలో గిటార్. ఎడమ ముక్క పెట్టుకున్నవాడు సోలో వచ్చినప్పుడు పక్కవాడు ఎందుకు తల ఊపుతున్నాడా అని చూస్తాడు. 1978లో వచ్చిన వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్‌లో గిటార్ ఎక్కువగా ఎడమకే ఉంటుంది, కుడివైపు దాని ప్రతిధ్వని. 1960ల బీటిల్స్ స్టీరియో పాటలు ఇంకా ఘోరం. 'రబ్బర్ సోల్' లాంటి ఆల్బమ్‌లో చాలాచోట్ల వాయిద్యాలు ఒక చెవికి, గొంతులు ఇంకో చెవికి. ఆ రోజుల్లో బృందం మనసుపెట్టి కూర్చున్నది మోనో మిక్స్ దగ్గరే, 2009లో ఆ మోనోలన్నీ ఒక పెట్టెగా వచ్చాయి కూడా. చెవి పంచుకోవాలనుకుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది, అది వేసుకోండి. అయిపోయాక తీసేయడం మరిచిపోతే వారం తర్వాత ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయని కొత్తవి కొంటారు.

ఈక్వలైజర్లో (కింది, మధ్య, పై శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించేది) 'రాక్' అని పేరు పెట్టిన అమరిక రాక్‌కు పనికిరాదు, ఇదొక విడ్డూరం. సాధారణంగా అది కిందా పైనా లేపి మధ్యను దించుతుంది. గిటార్, గొంతు కాపురముండేది ఆ మధ్యలోనే. అమరికలన్నీ తీసేసి వినండి. బురదగా ఉంటే 200, 300 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. చెవిలో గుచ్చుకుంటే 3 వేల దగ్గర రెండు తగ్గించండి. తగ్గించడమే మందు, పెంచితే రోగం.

రైల్లో, కార్లో, ఇంట్లో

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని రాక్ వినేవాళ్లకు మొదట పోయేది బేసే. చక్రాల హోరు కూడా కింది అంతస్తులోనే ఉంటుంది, అది బేస్ గిటార్‌ను కప్పేస్తుంది. అందరూ చేసే పని సౌండ్ పెంచడం. దాంతో బేస్ రాకపోగా గిటార్ మోత చెవిని తినేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. ముందు చూడాల్సింది ఇయర్‌ఫోన్ రబ్బరు బుడిపె. పాట మోగుతుండగా దాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారి నిండుగా వచ్చిందంటే బుడిపె సైజు మీ చెవికి చిన్నది. డబ్బాలో ఇచ్చిన పెద్ద జత మార్చి, మళ్లీ నొక్కి చూడండి. ఈసారి తేడా రాకపోతే సరిపోయినట్టే. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. చుట్టుపక్కల మోతను అణిచే హెడ్‌ఫోన్స్ కూడా బాగా పనిచేసేది ఇలాంటి ఎడతెగని లోతు హోరు మీదే, పక్క సీటు మాటల మీద అంతగా కాదు.

రైలు ఆల్బమ్‌లకు మంచి చోటు. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' నిడివి 43 నిమిషాలు, నెల్లూరులో మొదలుపెడితే కావలి ప్రాంతానికి అయిపోతుంది. అందులో పాటలు ఒకదాన్లోంచి ఇంకొకటి పుడతాయి, మధ్యలో ఖాళీ ఉండదు. ఎంపీ3 మాత్రం శబ్దాన్ని 1152 శాంపిళ్ల ముక్కలుగా కోస్తుంది, పాట మొదటా చివరా మిగిలిన జాగాను నిశ్శబ్దంతో పూడుస్తుంది. ఆ పూడికను పట్టించుకోని ప్లేయర్లో పాట మారినచోటల్లా చిన్న ఎక్కిలి వస్తుంది. యాప్‌లో గ్యాప్‌లెస్ (మధ్యలో ఖాళీ లేకుండా) వేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతూ ఇంకోటి కలవడం), షఫుల్ (వరస కలిపేయడం) తీసేయాలి. ఉచిత ఖాతా అయితే మధ్యలో ప్రకటన దూరి మొత్తం పాడుచేస్తుంది, దానికి మందు లేదు. పొలాల మధ్య సిగ్నల్ తెగుతుంది కాబట్టి డబ్బులు కట్టే ఖాతా ఉంటే ఇంట్లో వైఫై మీదే డౌన్‌లోడ్ చేసుకుని ఎక్కండి.

కారు పెన్‌డ్రైవ్‌కు వేరే తిప్పలు. పాత స్టీరియోలు ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసినవే చదువుతాయి, ఫ్లాక్‌ను గుర్తుపట్టవు. కొన్ని ఫైలు పేరు వరసలో, కొన్ని కాపీ చేసిన వరసలో వాయిస్తాయి. అందుకని పేర్ల ముందు 01, 02 పెట్టి, అదే వరసలో కాపీ చేయాలి. ఎల్పీ రికార్డులు అరువిచ్చేటప్పుడు ఒక్క మాట. మే నెల నెల్లూరు ఎండలో తలుపులు మూసిన కార్లో వదిలేస్తే అప్పడంలా వంగిపోయి తిరిగొస్తాయి.

ఇంట్లో నలుగురూ కూర్చుని వినాలంటే పాలరాయి నేల, ఖాళీ గోడలే శత్రువులు. స్నేర్ దెబ్బ ఒకటి కొడితే మూడు వినబడతాయి. నేల మీద రెండు పరుపులు వేసి, కిటికీలకు మందపాటి దుప్పట్లు కడితే సగం నెమ్మదిస్తుంది. స్పీకర్లు రెండూ ఆరడుగుల ఎడంలో, వినేవాళ్లు వాటికి అంతే దూరంలో, స్పీకర్లు మూలకు ఆనకుండా. ఆ తర్వాత బేస్ ఎక్కువున్న పాట పెట్టి గదంతా తిరగండి. బీరువా తలుపో, అలమర అద్దమో, గూట్లో స్టీలు గిన్నెల దొంతరో ఏదో ఒకటి బేస్‌తో పాటు గిలగిలలాడుతుంది. అనుమానం ఉన్నదాని మీద అరచెయ్యి ఆనించండి, చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. తలుపు సందులో మడిచిన కాగితం, గిన్నెల మధ్య గుడ్డ ముక్క చాలు. ఈ గిలగిల స్పీకర్ది అనుకుని కొత్త స్పీకర్ కొన్న ఇళ్లు లేకపోలేదు.

ఎవరికి ఏది

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో మొహర్రం సమయంలో జరిగే రొట్టెల పండుగలో ఎవరూ చేతికందిన రొట్టె పట్టుకుపోరు. ఉద్యోగం రొట్టె ఎవరిస్తున్నారు, సంతానం రొట్టె ఎవరి దగ్గరుంది అని అడిగి మరీ పుచ్చుకుంటారు. పాట పంచడానికీ ఆ పద్ధతే కుదురుతుంది. నాకు నచ్చింది కాబట్టి నీకూ అని కాకుండా, నువ్వు ఇప్పటిదాకా ఏం వింటున్నావు అని అడిగి ఇవ్వడం.

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను గమనించే మనిషైతే రాక్‌లోకి బేస్ ద్వారానే రానివ్వండి. శాస్త్రీయ సంగీతం విన్నవాళ్లకు సోలోలు దగ్గరి దారి. బ్లూస్ నుంచి వచ్చిన రాక్ సోలోల్లో ఎక్కువ భాగం మైనర్ పెంటాటోనిక్ మీద నడుస్తుంది, అంటే స గ మ ప ని, శుద్ధధన్యాసి స్వరాలు. దాని మేజర్ అక్క మోహన. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే గిటారిస్టు తీగను లాగి స్వరాల మధ్య సందుల్లో తిరుగుతాడు. తాళం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు పింక్ ఫ్లాయిడ్ 'మనీ' ఇవ్వండి. ఏడు లెక్కల మీద పోతుంది, గిటార్ సోలో దగ్గర నాలుగులోకి మారి మళ్లీ ఏడుకొస్తుంది. మిశ్రచాపు వేసిన చెయ్యి ఆ మలుపును వెంటనే పట్టేస్తుంది. ఇంగ్లిష్ మాటలే అడ్డమనుకునే వాళ్లకు మన దేశంలోనే దారులున్నాయి: బెంగళూరు బృందం అగమ్, మలయాళంలో పాడే అవియల్, 2000లో 'కందిస' ఆల్బమ్ తెచ్చిన ఇండియన్ ఓషన్. డెత్ మెటల్‌తో మాత్రం ఎవరికీ బోణీ కొట్టకండి.

మెసేజిలో ఒక్క పాటే ఉండాలి. ఏడు లింకులు వరసగా పడితే ఒక్కటీ తెరవరు. పక్కన మూడు ముక్కలు రాయండి: ఏ రికార్డింగు, ఎందులో వినాలి, ఎక్కడ చెవి పెట్టాలి. ఉదాహరణకు లెడ్ జెపెలిన్ 'స్టెయిర్‌వే టు హెవెన్' పంపుతున్నారనుకోండి. "1971 స్టూడియోది, ఎనిమిది నిమిషాలు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకో. నాలుగు నిమిషాలు దాటేదాకా డ్రమ్స్ రావు, అవి ఎప్పుడొస్తాయో చూడు, ఆరో నిమిషం దగ్గర సోలో." ఇంతే. మహాద్భుతం, జీవితం మారిపోద్ది లాంటివి వద్దు. ఎదురుచూడాల్సింది ఏమిటో తెలిస్తే మనిషి ఆ నాలుగు నిమిషాలు ఓపిక పడతాడు. తెలియకపోతే నలభయ్యో సెకనుకే వదిలేస్తాడు.

నచ్చలేదని జవాబొస్తే వాదనకు దిగేముందు ఎందులో విన్నావు, ఎంతసేపు విన్నావు అని అడగండి. టీకొట్టు దగ్గర ఫోన్ స్పీకర్లో అర నిమిషం అంటే ఆ జవాబు లెక్కలోకి రాదు, రాత్రి ఇంట్లో ఇంకోసారి వినమనండి. ఇయర్‌ఫోన్స్‌తో మొత్తం విన్నా నచ్చలేదంటే ఏది నచ్చలేదో కనుక్కోండి. గొంతు గరుకుగా ఉందంటే వాయిద్యాలే ఉన్న పాట, మోత ఎక్కువంటే 1993లో రికార్డై మరుసటి ఏడు విడుదలైన నిర్వాణా అన్‌ప్లగ్డ్ లాంటి అకూస్టిక్ కచేరీ, నిడివి ఎక్కువంటే మూడు నిమిషాల లోపు పాట పంపండి. మూడూ పంపి, మూడూ సరిగ్గా విన్నాక కూడా వద్దంటే ఆ మనిషికి రాక్ పడదంతే, ఇక ఆపేయండి.